పేరు కదపకండి, వాక్యం మార్చండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే అడిగారు. దుకాణాల వాళ్లు ఉన్న రాతనే వేరే మాటల్లో రాసిమ్మంటున్నారు, కంపెనీల పేర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉండాలంటున్నారు, ఎలా అని. ఆన్‌లైన్ దుకాణాలు పెరిగాక ఇది చాలామందికి ఇంట్లో కూర్చుని చేసుకునే పని అయింది. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ప్రకటనలకు తెలుగు రాసిన దాన్ని కాబట్టి, ఈసారి శీర్షిక మొత్తం ఈ ఉత్తరాలకే ఇచ్చేస్తున్నాను.

*ప్రశ్న: ఒక వంటసామాన్ల దుకాణానికి ఇంటి నుంచే వస్తువుల వివరాలు రాస్తున్నానండీ. ఒక పేరా ఇచ్చి దాన్నే ఐదారు రకాలుగా రాయమంటారు. బ్రాండ్ పేరు మారకూడదంటారు. పర్యాయపదాలు మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్ వాడితే పేర్లు కూడా మారిపోతున్నాయి. మళ్లీ అన్నీ నేనే సరిచేసుకోవాలి. ప్రతిరోజూ టెన్షనే. దీనికి పద్ధతేమైనా ఉందా?*
*- ఒక పాఠకురాలు, చీరాల*

ఉంది. ముందు ఆ పేర్లు ఎందుకు మారిపోతున్నాయో చూడండి. మనం రోజూ వాడే బ్రాండ్లలో చాలావరకు మామూలు మాటలే. విజయ, ప్రియ, ఫ్రీడమ్, గోల్డ్ డ్రాప్, వీల్, కంఫర్ట్, ప్రెస్టీజ్. ఇవి పేర్లని సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ చెప్పలేదు. అందుకే విజయ నెయ్యి కాస్తా గెలుపు నెయ్యి అవుతుంది, ఫ్రీడమ్ నూనె స్వేచ్ఛా తైలం అవుతుంది. ఇంగ్లీషు పేరాను తెలుగు చేయించి, ఆ తెలుగును మళ్లీ మార్చమంటే ఇంకా ఘోరంగా ఉంటుంది.

మీరు రాసేది వంటసామాన్ల గురించే కాబట్టి కుక్కర్‌నే తీసుకుందాం. దుకాణం వాళ్లు ఇచ్చిన పేరా ఇలా ఉందనుకోండి:

"ప్రెస్టీజ్ 5 లీటర్ల అల్యూమినియం ప్రెషర్ కుక్కర్. వంట త్వరగా అవుతుంది, గ్యాస్ ఆదా అవుతుంది. ఐదుగురున్న కుటుంబానికి చక్కగా సరిపోతుంది. ఐఎస్‌ఐ గుర్తు ఉంది."

మాటకు మాట మార్చేస్తే వచ్చేది ఇది:

"పరువు 5 లీటర్ల అల్యూమినియం ఒత్తిడి పాత్ర. వంటకం శీఘ్రంగా జరుగుతుంది, వాయువు పొదుపు అవుతుంది. పంచ సభ్యుల పరివారానికి సొగసుగా చాలుతుంది. నాణ్యతా చిహ్నం కలదు."

పేరు పోయిందని మీరు బాధపడుతున్నారు. నన్నడిగితే ఇక్కడ పేరొక్కటే పోలేదు. కుక్కర్‌ను ఒత్తిడి పాత్ర అని ఏ ఇంట్లోనూ అనరు. గ్యాస్ వాయువైపోయాక అది సిలిండర్ సంగతని ఎవరికి తడుతుంది? చివరి వాక్యానికి జరిగిన నష్టం ఇంకా పెద్దది. ప్రెషర్ కుక్కర్లకు ఐఎస్ 2347 అనే ప్రమాణం ఉంది. 2021 ఫిబ్రవరి నుంచి ఇళ్లలో వాడే కుక్కర్‌ను ఐఎస్‌ఐ గుర్తు లేకుండా అమ్మకూడదన్న నిబంధన అమల్లో ఉంది. కొనే మనిషి వెతుక్కునేది ఆ మూడక్షరాల కోసమే. వాటిని "నాణ్యతా చిహ్నం" చేస్తే ఆ భరోసా మొత్తం పోయినట్టే.

కాబట్టి రాయడం మొదలుపెట్టే ముందు పేరాలో కదపకూడనివి ఏవో గుర్తు పెట్టుకోండి. కంపెనీ పేరు, మోడల్ పేరు, అంకెలు, కొలతలు, దేనితో చేశారన్న మాట, ప్రభుత్వ గుర్తులు, వారంటీ వాక్యం. కాగితం మీద రాసుకునే అలవాటుంటే గుండ్రంగా చుట్టేయండి. ఫోన్‌లో రాసేవారైతే ముదురు అక్షరాలు చేసుకోండి.

సాఫ్ట్‌వేర్ వాడక తప్పదంటే, పేరు ఉన్నచోట క1, క2 లాంటి గుర్తులు పెట్టి, పేరా మారాక మళ్లీ అసలు పేర్లు పెట్టుకోవచ్చు. కానీ తెలుగులో విభక్తులతో ఒక చిక్కు ఉంది. సఫోలాకు అంటాం, మ్యాగీకి అంటాం. సఫోలాను, మ్యాగీని. గుర్తు తీసేసి పేరు పెట్టగానే దాని వెనక ఉన్న కు, కి, ను, ని అతకవు. వంద వస్తువుల జాబితాలో ఇవన్నీ వెతికి దిద్దుకోవడం నరకం.

దీనికి నేను పాటించే పద్ధతి, పేరు వెనకే వస్తువు మాట రాయడం. "మ్యాగీ నూడుల్స్‌కు", "సఫోలా నూనెకు", "ప్రెస్టీజ్ కుక్కర్‌లో". అప్పుడు విభక్తి వెళ్లి వస్తువు మాటకు అంటుకుంటుంది, పేరు చెక్కుచెదరదు. క1 స్థానంలో ఏ పేరు వచ్చినా "కుక్కర్‌లో" అన్నది మారదు. ఇంకో లాభమూ ఉంది. కంపెనీల న్యాయవాదులు కోరేదీ సరిగ్గా ఇదే. పేరు ఒంటరిగా నిలబడితే అది నెమ్మదిగా ఆ రకం వస్తువులన్నిటికీ పేరైపోతుందని వాళ్ల భయం. పక్కన వస్తువు మాట ఉంటే, ఇది ఫలానా వారి కుక్కర్ అని స్పష్టంగా ఉంటుంది. మన వ్యాకరణం, వాళ్ల చట్టం ఒకేచోట కలవడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

ఇక మార్చాల్సింది ఏమిటి? వాక్యం ఎక్కడి నుంచి మొదలవుతుందో అది మార్చండి. పేరుతో మొదలైన పేరాను ఇంటితో మొదలుపెట్టి చూడండి:

"పొద్దున్నే పప్పు, అన్నం గబగబా అయిపోవాలంటే ఐదుగురున్న ఇంటికి 5 లీటర్ల సైజు బాగుంటుంది. ఇది ప్రెస్టీజ్ అల్యూమినియం ప్రెషర్ కుక్కర్. ఐఎస్‌ఐ గుర్తు ఉంది. ఉడకడానికి పట్టే సమయం తగ్గుతుంది కాబట్టి గ్యాస్ కూడా తక్కువే ఖర్చవుతుంది."

లేదా గ్యాస్‌తో మొదలుపెట్టండి:

"సిలిండర్ ఇంకో నాలుగు రోజులు ఎక్కువ రావాలని ఎవరికి ఉండదు? ప్రెషర్ కుక్కర్‌లో పప్పు త్వరగా ఉడుకుతుంది, పొయ్యి త్వరగా కట్టేయొచ్చు. ఐదుగురికి సరిపడే ఈ 5 లీటర్ల ప్రెస్టీజ్ కుక్కర్ అల్యూమినియంది, ఐఎస్‌ఐ గుర్తు ఉన్నది."

రెండింటిలోనూ వాస్తవాలు అవే. నేను నిఘంటువు తెరవలేదు. సిలిండర్ అన్ని రోజులే ఎక్కువ వస్తుందని మాట ఇవ్వలేదు, గమనించండి. అసలు పేరాలో లేని హామీ కొత్త పేరాలోకి రాకూడదు.

ఐదో రకానికి, ఆరో రకానికి వచ్చేసరికి మాటలు దొరకడం లేదంటే, ఆ వస్తువు గురించి మీకు తెలిసింది అయిపోయిందని అర్థం. అప్పుడు పర్యాయపదాల కోసం వెతక్కండి. దుకాణానికి ఫోన్ చేయండి. మూత లోపలి నుంచి పడుతుందా, బయటి నుంచి పడుతుందా? అడుగు ఇండక్షన్ పొయ్యికి పనికొస్తుందా? గ్యాస్కెట్, విజిల్ విడిగా దొరుకుతాయా? పిడి మీద ఎన్నాళ్ల వారంటీ? ఒక్కో జవాబుకు ఒక్కో కొత్త పేరా పుడుతుంది. చదివేవాళ్లకు పనికొచ్చేవీ అవే.

*ప్రశ్న: జిరాక్స్, డాల్డా, సర్ఫ్ అన్నవి కంపెనీ పేర్లు కదా. రాతలో వాటిని మార్చాలా, ఉంచాలా? మా లెక్చరర్ నా కథలో జిరాక్స్ కొట్టేసి ఛాయాప్రతి అని దిద్దారు.*
*- డిగ్రీ విద్యార్థి, ఖమ్మం*

మీ లెక్చరర్ గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, కథలో జిరాక్స్ ఉండాల్సిందే. "ఆధార్ కార్డు జిరాక్స్ తీయించుకురా" అనే తండ్రి ఛాయాప్రతి అనడు. పాత్ర నోటి మాటను దిద్దితే పాత్రే మారిపోతుంది.

వస్తువు వివరణలో మాత్రం లెక్క వేరు. డాల్డా 1937లో మన దేశంలోకి వచ్చింది. సర్ఫ్ 1959లో వచ్చింది. అంతకుముందు ఇళ్లలో అలాంటి వస్తువు పెద్దగా వాడుకలో లేదు కాబట్టి, మొదట ఇంటింటికీ చేరిన పేరే అన్నిటికీ పేరైంది. ఇంట్లో ఏ పొడి ఉన్నా "సర్ఫ్‌లో నానబెట్టు" అంటాం. కానీ వేరే కంపెనీ పొడి అమ్ముతూ "మంచి సర్ఫ్" అని రాస్తే కొనేవారిని తప్పుదారి పట్టించినట్టు, ఆ పేరు గలవారికి అన్యాయం చేసినట్టు. అక్కడ డిటర్జెంట్ పౌడర్ అనో, బట్టల పొడి అనో రాయాలి. డాల్డా బదులు వనస్పతి, జిరాక్స్ బదులు ఫోటోకాపీ.

కంపెనీలు దీని గురించి ఎందుకంత పట్టుదలగా ఉంటాయంటే, పేర్లు నిజంగానే చేజారిపోతాయి. ఎస్కలేటర్ అన్నది ఒకప్పుడు ఓటిస్ కంపెనీ సొంత పేరు. 1950లో అమెరికాలో ఆ హక్కు పోయింది. ఆస్పిరిన్ బేయర్ వాళ్లది. 1921లో అక్కడి కోర్టు అది అందరి మాట అయిపోయిందని తేల్చింది. కెనడాలో మాత్రం నేటికీ వాళ్ల పేరే. మా పేరును క్రియలా వాడకండి, ఫోటోకాపీ అనండి అని జిరాక్స్ కంపెనీయే ప్రకటనలు వేసింది.

*ప్రశ్న: పేరు పక్కన చిన్నగా టీఎం అనో, గుండ్రంలో ఆర్ అనో ఉంటుంది. వాటినీ ఉంచాలా?*
*- ఒక పాఠకుడు, నెల్లూరు*

ఇచ్చిన పేరాలో ఉంటే ఉంచండి. లేకపోతే మీరుగా చేర్చకండి. గుండ్రంలో ఆర్ అంటే రిజిస్టర్ అయిన పేరని అర్థం. రిజిస్టర్ కాని పేరుకు అది తగిలించడం 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం నేరం.

*ప్రశ్న: చీరల దుకాణానికి రోజూ పది చీరల గురించి రాస్తాను. ప్రతిదానికీ "పోచంపల్లి ఇకత్ చేనేత చీర" అని రాసి రాసి విసుగొచ్చింది. చదివేవాళ్లకూ విసుగేమో. పోచంపల్లికి బదులుగా, చేనేతకు బదులుగా వేరే మాటలు చెప్పండి మేడమ్.*
*- ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్*

చెప్పనమ్మా. ఆ రెండు మాటలకూ బదులు లేదు. పోచంపల్లి ఇకత్ అన్నది కంపెనీ బ్రాండ్ కాకపోయినా, భౌగోళిక గుర్తింపు ఉన్న పేరు. జీఐ అంటున్నామే, అది. మన దేశంలో తొలి రోజుల్లోనే ఆ గుర్తింపు పొందిన చేనేతల్లో పోచంపల్లి ఒకటి. తిరుపతి లడ్డూ, గుంటూరు సన్నం మిరప, బనగానపల్లె మామిడి పేర్లకూ ఈ గుర్తింపు ఉంది. పోచంపల్లి ఇకత్ అన్న పేరు ఒక యజమానిది కాదు, ఆ ప్రాంతంలో ఆ పని చేసే వాళ్లందరిదీ. "ఇకత్ స్టైల్", "పోచంపల్లి డిజైన్" అని మార్చారంటే, ఆ చీర అక్కడిది కాదని మీరే రాసిచ్చినట్టవుతుంది. సూరత్ నుంచి వచ్చే ప్రింట్ చీరల మీద ఉండేవి ఆ మాటలే.

చేనేత కూడా అంతే. "నేత చీర" అంటే మరమగ్గం మీద నేసింది కూడా నేతే. కొన్ని రకాల బట్టలు చేమగ్గానికే ఉండాలని 1985లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. ఆ తేడా మీద బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఒక అక్షరం మిగుల్చుకుందామని దాన్ని చెరపకండి.

అయితే మీ విసుగు నిజమే. రోజూ అదే మాట రాస్తే చెయ్యి మొద్దుబారుతుంది. ఆ పేరును ఒక్కసారి, మొదటి వాక్యంలోనే రాసి, తర్వాత చీర ఎలా తయారైందో చెప్పండి. అక్కడ మీకు తరగనంత సరుకుంది. ఇకత్‌లో రంగు వేసేది బట్టకు కాదు, నూలుకు. నేయకముందే దారాలను డిజైన్ ప్రకారం గట్టిగా కట్టేసి రంగులో ముంచుతారు, కట్టినచోట రంగు అంటదు. విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగు. తర్వాత మగ్గం మీద ఆ దారాలు పక్కపక్కన చేరినప్పుడు పువ్వో, ఏనుగో, గళ్లో కనిపిస్తాయి. దారం దారానికీ వెంట్రుకవాసి జరుగుతుంది కాబట్టి అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. అది లోపం కాదని కొనేవాళ్లకు చెప్పండి, చాలామంది అది చూసి వెనక్కి పంపేస్తుంటారు. చీరను తిరగేసి చూస్తే వెనకవైపూ అదే రంగు, అదే డిజైన్. మామూలు ప్రింట్ చీరలో వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది.

ఈ చీరలో పడుగును (నిలువు దారాలను) కట్టారా, పేకను (అడ్డ దారాలను) కట్టారా, రెండూ కట్టారా అని అడిగి తెలుసుకోండి. రెండూ కట్టిన దానికి పని ఎన్నో రెట్లు ఎక్కువ, ధర కూడా. దారాన్ని మేకుల మీదుగా అటూ ఇటూ తిప్పే ఆసు పోయడం గురించి ఒక వాక్యం రాయండి. ఆ పనిలో ఇంటి ఆడవాళ్ల భుజాలు పడిపోయేవి. తల్లి పడే ఆ కష్టం చూసి ఆసు యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. పుట్టపాక ఊళ్లో నేసే తేలియా రుమాలు అనే ఇకత్ రకానికి విడిగా జీఐ ఉంది, దాన్ని పోచంపల్లితో కలిపేయకండి. ఇవన్నీ తెలిస్తే పది చీరలకు పది పేరాలు వస్తాయి, "పోచంపల్లి ఇకత్ చేనేత" అన్న మాట ఒక్కోదాంట్లో ఒక్కసారే ఉంటుంది.

*ప్రశ్న: సామ్‌సంగ్, శాంసంగ్, శామ్‌సంగ్. ఏది రాయాలి?*
*- ఒక పాఠకుడు, కరీంనగర్*

కంపెనీ తన తెలుగు ప్రకటనలో, డబ్బా మీద ఎలా రాసుకుందో అలా. అది దొరక్కపోతే ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే రాయండి. వైవిధ్యం కోసం స్పెల్లింగ్ మార్చేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. ఒక రకంగా వెతికిన మనిషికి ఇంకో రకంగా రాసిన పేజీ కనిపించకపోవచ్చు.

అలాగే, పొల్లుతో ఆగే పేర్లకు విభక్తి చేర్చేటప్పుడు జాగ్రత్త. "ఫిలిప్స్‌తో" అని రాయాల్సింది "ఫిలిప్స్తో" అయిపోతుంది. చాలా తెలుగు కీబోర్డుల్లో అక్షరాలను అతుక్కోనివ్వని కీ ఒకటి ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది నొక్కితే పొల్లు పొల్లుగానే ఉంటుంది, పేరు విరగదు. కీ దొరక్కపోతే పైన చెప్పిన పద్ధతే, "ఫిలిప్స్ మిక్సీతో".

*ప్రశ్న: వేరే దుకాణం వాళ్లు రాసుకున్న వివరణ తీసుకుని, మాటలు మార్చి మా దుకాణంలో పెట్టుకోవచ్చా? మేం కుక్కర్ల విడిభాగాలు అమ్ముతాం. పెద్ద కంపెనీల పేర్లు వాడితే కేసు అవుతుందా?*
*- వ్యాపారి, విజయవాడ*

మొదటిదానికి, వద్దు. ఆలోచన మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు, దాన్ని చెప్పిన తీరు మీద ఉంటుందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడక్కడా పైపైన మార్చి అసలును అలాగే ఉంచేస్తే అది నకలే అవుతుందని కూడా ఆ తీర్పులో ఉంది. "5 లీటర్లు, అల్యూమినియం, ఐఎస్‌ఐ" ఎవరైనా రాసుకోవచ్చు, అవి వాస్తవాలు. ఇంకొకరు కట్టిన వాక్యాలను వరుస మార్చకుండా పర్యాయపదాలతో నింపితే మాత్రం, చదివినవాళ్లకు అసలు ఎవరిదో తెలిసిపోతూనే ఉంటుంది. మీ కౌంటర్ దగ్గరికి వచ్చే ఆడవాళ్లు ఏం అడుగుతారో రాయండి. ఆవిరి పక్క నుంచి కారుతోందంటారు, విజిల్ రావట్లేదంటారు, గ్యాస్కెట్ వదులైందంటారు. ఆ మాటల్లోనే మీ వివరణ ఉంది.

రెండోదానికి, భయపడనక్కర్లేదు. మీ విడిభాగం దేనికి సరిపోతుందో చెప్పడానికి ఆ కంపెనీ పేరు నిజాయితీగా వాడుకోవచ్చని ట్రేడ్ మార్క్స్ చట్టంలోని సెక్షన్ 30 చెబుతోంది. "5 లీటర్ల ప్రెస్టీజ్ కుక్కర్‌కు సరిపడే గ్యాస్కెట్, తయారీ ఫలానా వారు" అని రాయండి. "ప్రెస్టీజ్ గ్యాస్కెట్" అని రాస్తే అది వాళ్లు చేసిందని అర్థం వస్తుంది. సరుకు వాళ్లది కాకపోతే ఆ రాత అబద్ధం. వాళ్ల లోగో బొమ్మ కూడా పెట్టకండి. మీ దగ్గర జాబితా పెద్దదైతే ఒకసారి లాయర్‌కు చూపించుకోవడం మంచిది.

*ప్రశ్న: బెల్లం సున్నుండలు, నువ్వుండలు చేసి అమ్ముతున్నాం. "చక్కెర లేనిది", "షుగర్ ఫ్రీ", "తక్కువ తీపి" అని మార్చి మార్చి రాస్తున్నాం. పర్వాలేదా? షుగర్ ఫ్రీ అన్నది బ్రాండ్ పేరు అంటున్నారు, నిజమేనా?*
*- ఒక గృహిణి, రాజమహేంద్రవరం*

పర్వాలేదనలేను. ఈ మాటలు మీకు ఒకేలా వినిపిస్తున్నాయి, ఆహార నిబంధనల్లో అన్నీ ఒకటి కావు. ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నాటి నిబంధనల ప్రకారం షుగర్ ఫ్రీ అనాలంటే 100 గ్రాముల్లో చక్కెరలు అర గ్రాముకు మించకూడదు. లో షుగర్ అనాలంటే 100 గ్రాములకు 5 గ్రాముల లోపు ఉండాలి. బెల్లంలో ఉండేది ముప్పాతిక మీద చక్కెరే. బెల్లం సున్నుండ ఈ రెండింటిలో దేనికీ సరిపోదు. షుగర్ జబ్బు ఉన్న పెద్దాయన మీ మాట నమ్మి నాలుగు తినేస్తే ఏమవుతుందో ఆలోచించండి. "పంచదార వాడలేదు, బెల్లంతో చేసినవి" అని రాయండి. అది నిజం, పైగా సున్నుండలు కొనేవాళ్లకు బెల్లం అన్న మాటే నోరూరిస్తుంది.

బ్రాండ్ సంగతి నిజమే. తీపి కోసం వేసుకునే బిళ్లలు, పొడి ఆ పేరుతో జైడస్ కంపెనీ అమ్ముతుంది. అమూల్ వాళ్లు తమ ఫ్రోజెన్ డిజర్ట్ మీద షుగర్ ఫ్రీ అని వేసినప్పుడు దీని మీద ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం నడిచింది. అది వస్తువు గుణాన్ని చెప్పే మాట, ఇతరులు వాడకుండా పూర్తిగా ఆపలేమని కోర్టు అంది. అయితే అమూల్ అన్న సొంత పేరు కంటే పెద్ద అక్షరాల్లో దాన్ని వేయకూడదని కూడా చెప్పింది. మీ వంటకంలో ఆ బిళ్లలో, పొడో వాడితే "షుగర్ ఫ్రీ స్వీటెనర్‌తో చేసినది" అని పేరు మార్చకుండా రాయండి. వాడకపోతే మీ ప్యాకెట్ మీద ఆ రెండు మాటలూ వద్దు. ఇప్పటికే అచ్చు వేయించిన లేబుళ్లు ఉంటే, ఆ మాటల మీద తెల్ల స్టిక్కర్ అంటించైనా సరే, ఈ వారం సరుకు నుంచే ఆపేయండి.